సర్వదిశా యాంటెన్నాలు: హామ్ రేడియోలో రకాలు

చుట్టూ ఉన్న అన్ని దిక్కులకూ రేడియో శక్తిని సమానంగా పంపి, అన్ని దిక్కుల నుంచీ సమానంగా అందుకునే యాంటెన్నాను సర్వదిశా యాంటెన్నా అంటారు. హామ్‌ల, అంటే లైసెన్స్‌తో సరదాకు రేడియో నడిపేవారి వాడుకలో దీని పేరు ‘ఓమ్నీ’. దూరదర్శన్ తొలి రోజుల్లో మన డాబాల మీద కనిపించిన అల్యూమినియం గొట్టాల యాంటెన్నా దీనికి పూర్తిగా వ్యతిరేకం. యాగి-ఉడా రకానికి చెందిన ఆ యాంటెన్నా ఒక్క వైపే చూస్తుంది. కాకి వాలి కాస్త పక్కకు తిరిగిందంటే బొమ్మ పోయేది. ఒకరు డాబా ఎక్కి తిప్పుతుంటే, ఇంకొకరు కింద టీవీ ముందు నిలబడి ‘వచ్చింది, వచ్చింది’ అని కేకలు వేసేవారు. టీవీ టవరు ఎప్పుడూ ఒక్కచోటే ఉంటుంది కాబట్టి ఆ పద్ధతి చెల్లింది. హామ్‌కు ఆ వెసులుబాటు లేదు. తనను పిలిచే గొంతు ఏ దిక్కు నుంచి వస్తుందో అతనికి ముందుగా తెలియదు. పది పదిహేను మంది ఒకే పౌనఃపున్యం మీద కలిసి మాట్లాడుకునే ‘నెట్’లో, కదులుతున్న కారులో, తుపాను సహాయ కేంద్రంలో ఒక్క దిక్కునే చూసే యాంటెన్నా చేతులు కట్టేసినట్టే.

‘అన్ని దిక్కులు’ అన్నప్పుడు అది నేలకు సమాంతరంగా చుట్టూ ఉన్న దిక్కుల గురించి మాత్రమే. పైకీ కిందికీ కూడా సమానంగా ప్రసరించే యాంటెన్నాను ఐసోట్రోపిక్ అంటారు. అది లెక్కల కోసం ఊహించుకున్నదే తప్ప లోకంలో లేదు. నిలువుగా నిలబెట్టిన డైపోల్ (రెండు సమాన చేతులున్న కడ్డీ యాంటెన్నా) ప్రసరణ ఆకారాన్ని కళ్లకు కట్టుకోవాలంటే మినపగారెను తలుచుకోవచ్చు. గారె చిల్లులో యాంటెన్నా కడ్డీ నిలబడి ఉంటుంది. గారె అంచు చుట్టూ బలం సమానం. కడ్డీ కొసల వైపు, అంటే నడినెత్తికీ పాదాలకూ, దాదాపు ఏమీ వెళ్లదు.

గెయిన్ అనే మాటను అర్థం చేసుకోవడానికీ ఈ గారె పనికొస్తుంది. యాంటెన్నా శక్తిని పుట్టించదు, ఉన్న పిండినే సర్దుతుంది. గారెను పైనుంచి నొక్కితే పలచబడి అప్పడంలా వెడల్పవుతుంది. ఆకాశంలోకి పోయే శక్తి తగ్గి, దిక్చక్రం వైపు పెరుగుతుంది. ఎంత పెరిగిందో డెసిబెల్‌లలో చెబుతారు. ఊహా యాంటెన్నాతో పోల్చి చెబితే డీబీఐ, అర్ధతరంగ డైపోల్‌తో పోల్చి చెబితే డీబీడీ. రెంటికీ మధ్య తేడా 2.15 డెసిబెల్‌లు. ఏ కొలతతో పోల్చారో చెప్పకుండా ‘6 డెసిబెల్‌ల గెయిన్’ అని రాసిన పెట్టెను నమ్మి డబ్బు పెట్టడం తగదు.

ఎత్తు లెక్క

హామ్‌ల 145, 435 మెగాహెర్ట్జ్ బ్యాండ్లు ఉండే వీహెచ్‌ఎఫ్, యూహెచ్‌ఎఫ్ తరంగాలు దాదాపు చూపు సాగినంత మేరకే వెళతాయి. వాతావరణం వాటిని కొద్దిగా వంచుతుంది కాబట్టి కంటిచూపు కన్నా కాస్త ముందుకు సాగుతాయి. యాంటెన్నా ఎత్తును మీటర్లలో తీసుకుని, దాని వర్గమూలాన్ని 4.12తో హెచ్చిస్తే రేడియో దిక్చక్రం ఎన్ని కిలోమీటర్లో వస్తుంది. 12 మీటర్ల ఎత్తున్న డాబా యాంటెన్నాకు ఇది సుమారు 14 కిలోమీటర్లు. అలాంటి డాబాలు రెండైతే మధ్యలో కొండలు, భవనాలు అడ్డు రాని చోట 28 కిలోమీటర్ల దాకా నేరుగా మాట్లాడుకోవచ్చు. చేతిలో హ్యాండీ (చేతి రేడియో సెట్టు) పట్టుకుని రోడ్డు మీద నిలబడ్డవాడి దిక్చక్రం 5 కిలోమీటర్లే. సంకేతాన్ని అందుకుని తిరిగి పంపే రిపీటర్లను కొండల మీద, ఎత్తయిన భవనాల మీద పెట్టడానికి కారణం ఇదే. ఖరీదైన యాంటెన్నా కిటికీ పక్కన ఉండటం కన్నా, ఇంట్లో చేసుకున్న సాదా యాంటెన్నా డాబా మీద కర్రకు కట్టి ఉండటమే మేలు.

పావు తరంగం, గ్రౌండ్ ప్లేన్

1880ల చివర హైన్‌రిచ్ హెర్ట్జ్ తన ప్రయోగాలకు వాడినది రెండు చేతుల డైపోల్. మార్కోనీ అందులో ఒక చేతిని తీసేసి, ఆ స్థానంలో భూమిని ఉంచాడు. నిలువు కడ్డీకి నేల అద్దంలా పనిచేసి, లేని రెండో సగాన్ని ప్రతిబింబంగా సమకూరుస్తుంది. అందుకే తరంగదైర్ఘ్యంలో సగం ఉండాల్సిన యాంటెన్నా పావు వంతుకే సరిపోయింది. అన్ని పావు తరంగ యాంటెన్నాలకూ మూలం ఇదే.

కడ్డీ పొడవు లెక్క కట్టడం తేలిక. 300ను మెగాహెర్ట్జ్‌లతో భాగిస్తే తరంగదైర్ఘ్యం మీటర్లలో వస్తుంది. అందులో నాలుగో వంతు తీసుకుని, లోహపు కడ్డీ మందం, కొస ప్రభావాల కోసం సుమారు 5 శాతం తగ్గించాలి. హామ్‌లు ఎక్కువగా మాట్లాడుకునే 145 మెగాహెర్ట్జ్‌కు ఇది దాదాపు 49 సెంటీమీటర్లు, 435కు 16 చిల్లర. 14.2 మెగాహెర్ట్జ్‌కు 5 మీటర్లు, 7.1 మెగాహెర్ట్జ్‌కు 10 మీటర్లు.

డాబా మీదికి నేలను తీసుకుపోలేం. అందుకు బదులుగా కడ్డీ అడుగున పావు తరంగం పొడవున్న తీగలను చక్రం ఆకుల్లా పరుస్తారు. వీటినే రేడియల్స్ అంటారు. ఇది గ్రౌండ్ ప్లేన్ యాంటెన్నా. 1930లలో అమెరికాలోని ఆర్‌సీఏ సంస్థలో పనిచేసిన జార్జ్ బ్రౌన్ దీన్ని రూపొందించాడు. ఆయన మొదటి నమూనాలో రెండే రేడియల్స్ ఉన్నాయి. చుట్టూ సమానంగా ప్రసరించడానికి అవి దాదాపు చాలు. అయితే రెండు తీగలున్నది నాలుగు దిక్కులా పనిచేస్తుందంటే కొనేవాళ్లు నమ్మరేమోనని మరో రెంటిని చేర్చారు. ఆ నాలుగే నేటికీ నిలిచిపోయాయి.

రేడియల్స్‌ను బల్లపరుపుగా ఉంచితే ఫీడ్ పాయింటు (కేబుల్ కలిసే చోటు) దగ్గర నిరోధం కేబుల్‌కు కావలసిన 50 ఓంల కన్నా బాగా తక్కువ ఉంటుంది. వాటిని 45 డిగ్రీలు కిందికి వంచితే 50 దాపులకు వస్తుంది. విడిగా మ్యాచింగ్ కాయిల్ అక్కర్లేదు. ఒక ఎస్‌ఓ-239 సాకెట్, నడి పిన్నుకు అతికిన కడ్డీ ఒకటి, నాలుగు మూలల రంధ్రాలకు బిగించిన తీగలు నాలుగు, ఇంతే సామాను. రాగి తీగ, ఇత్తడి కడ్డీ, చివరికి పాత గొడుగు పుల్లలైనా పనికొస్తాయి. ఇంత తక్కువ ఖర్చుతో ఇంత నమ్మకంగా పనిచేసే యాంటెన్నా మరొకటి లేదని చెప్పవచ్చు.

145 కోసం కోసిన కడ్డీ 435 మెగాహెర్ట్జ్‌కు సరిగ్గా మూడు పావుల తరంగం అవుతుంది. అందువల్ల మీటరు మీద రెండు బ్యాండ్లలోనూ ఎస్‌డబ్ల్యూఆర్ (స్టాండింగ్ వేవ్ నిష్పత్తి) బాగానే కనిపిస్తుంది. కానీ 435లో ప్రసరణ దిక్చక్రాన్ని వదిలి ఆకాశం వైపు లేస్తుంది. మీటరు చూపేది కేబుల్‌కూ యాంటెన్నాకూ పొత్తు కుదిరిందా లేదా అన్నదే. శక్తి ఎటు పోతోందో అది చెప్పదు. కొత్తగా చేరినవారు ఎక్కువగా తడబడేది ఇక్కడే.

జే-పోల్, దాని చుట్టాలు

రేడియల్స్ వద్దనుకునేవారికి జే-పోల్ ఉంది. దీని పుట్టుక ఆకాశంలో జరిగింది. 1909లో జర్మనీకి చెందిన హాన్స్ బెగెరో జెప్లిన్ ఆకాశనౌకల కోసం, కింద వేలాడే తీగకు పేటెంటు తీసుకున్నాడు. నేల అందుబాటులో లేని చోట అర్ధతరంగం తీగను ఒక కొస నుంచి నడిపించే ఉపాయం అది. దాన్ని తలకిందులు చేసి నిలబెడితే ఇంగ్లిష్ ‘జే’ అక్షరంలా కనిపిస్తుంది. పైన అర్ధతరంగం ప్రసరిస్తుంది, కింద పావు తరంగం పొడవున్న జంట కడ్డీలు నిరోధాన్ని సరిపెడతాయి. 145 మెగాహెర్ట్జ్‌కు పొడుగు కడ్డీ ఒకటిన్నర మీటర్లకు కాస్త తక్కువ, పొట్టిది 49 సెంటీమీటర్ల దాపు. అడుగు నుంచి 5 సెంటీమీటర్ల ఎత్తున కేబుల్‌ను కలిపి, మీటరు చూస్తూ పైకీ కిందికీ జరిపి సరిచూసుకోవాలి.

రాగి గొట్టాలతో చేస్తే ఏళ్ల తరబడి ఎండకూ వానకూ తట్టుకుంటుంది. పాత టీవీలకు వాడిన 300 ఓంల చదును రిబ్బన్ వైరుతో చేస్తే చుట్ట చుట్టి సంచిలో వేసుకోవచ్చు. ఊరు చేరాక వేపకొమ్మకు వేలాడదీస్తే చాలు. రిబ్బన్‌లో తరంగవేగం తగ్గుతుంది కాబట్టి జంట తీగల భాగాన్ని ఆ మేరకు పొట్టి చేసుకోవాలి. 1978లో బ్రిటిష్ హామ్ ఫ్రెడ్ జడ్ పై భాగాన్ని కూడా మడిచి ‘స్లిమ్ జిమ్’ అనే రూపం తెచ్చాడు. అది జే-పోల్‌ను మించిన గెయిన్ ఇస్తుందని చాలాకాలం చెప్పుకున్నారు. రెండూ అర్ధతరంగం రేడియేటర్లే, పనితీరులో చెప్పుకోదగ్గ తేడా లేదు. జే-పోల్ కట్టేవారు కేబుల్ మొదట్లో నాలుగైదు చుట్ల చోక్ వేయడం మరవకూడదు. లేకపోతే కేబుల్ తొడుగే యాంటెన్నాలో భాగమై, గారె ఆకారం చెదిరిపోతుంది.

కేబుల్‌నే డైపోల్‌గా మలిచే స్లీవ్ డైపోల్ మరో చుట్టం. కేబుల్ నడి తీగ పావు తరంగం పైకి నిలుస్తుంది. అంతే పొడవున్న గొట్టం కేబుల్ చుట్టూ తొడుగులా కిందికి దిగుతుంది. అమెరికన్ ఇంజినీరు ఆర్నాల్డ్ బెయిలీ దీనికి 1939లో పేటెంటు పొందాడు. సన్నగా ఉంటుంది కాబట్టి పీవీసీ గొట్టంలో ఇమిడిపోతుంది.

అయిదు ఎనిమిదో వంతులు, కొలీనియర్

కడ్డీ పొడవు పెంచుకుంటూ పోతే దిక్చక్రం వైపు బలం పెరుగుతూ, తరంగదైర్ఘ్యంలో 0.64 వంతు దగ్గర గరిష్ఠానికి చేరి, తర్వాత తగ్గుతుందని 1924లో స్టువర్ట్ బాలంటైన్ లెక్కగట్టాడు. కారు కప్పుల మీద కనిపించే ‘ఫైవ్ ఎయిత్’ విప్‌కు ఆధారం అదే. 145 మెగాహెర్ట్జ్‌కు సుమారు 1.2 మీటర్ల కడ్డీ, అడుగున చిన్న కాయిల్. విశాలమైన లోహపు కప్పు మధ్యలో నిలిపితే పావు తరంగం కన్నా 3 డెసిబెల్‌ల దాకా లాభం ఉండొచ్చు. నాలుగు చిన్న రేడియల్స్ మీద నిలిపినప్పుడు అంత లాభం రాదు, ప్రసరణలో కొంత పైకి లేస్తుంది.

నిజంగా గెయిన్ కావాలంటే అర్ధతరంగం ముక్కలను ఒకదానిపై ఒకటి పేర్చి, అన్నీ ఒకే లయలో పలికేలా మధ్యలో మడతలో కాయిళ్లో పెట్టాలి. మార్కోనీ కంపెనీ ఇంజినీరు చార్లెస్ ఫ్రాంక్లిన్ 1924లో చూపిన దారి ఇది. దీన్ని కొలీనియర్ అంటారు. పొడవు రెట్టింపైనప్పుడల్లా గెయిన్ దాదాపు 3 డెసిబెల్‌లు పెరుగుతుంది. రిపీటర్ల మీద, హామ్‌ల డాబాల మీద తెల్లగా నిలబడే ఫైబర్‌గ్లాస్ గొట్టాల లోపల ఉండేది ఇదే. విరివిగా అమ్ముడుపోయే డయమండ్ కంపెనీ ఎక్స్-50 పొడవు 1.7 మీటర్లు. కంపెనీ లెక్క ప్రకారం 144లో 4.5, 430లో 7.2 డీబీఐ. అదే కంపెనీ ఎక్స్-510 పొడవు 5.2 మీటర్లు, గెయిన్ 8.3, 11.7.

అంకె పెద్దదైతే మేలని వెంటనే అనుకోకూడదు. అప్పడం పలచబడే కొద్దీ కిందా పైనా బోసిపోతుంది. ఎత్తయిన కొండ మీద పెద్ద కొలీనియర్ పెడితే, దాని సంకేతం కొండ కిందనే ఉన్న ఊరి నెత్తి మీదుగా దాటిపోవచ్చు. గాలికి గొట్టం ఊగితే పలచని ప్రసరణా ఊగి, దూరపు సంకేతం ఎగసి పడుతుంది. మైదాన ప్రాంతంలో, డాబా మీద, దూరపు రిపీటర్ కోసమైతే కొలీనియర్ సరైన ఎంపిక. కొండల నడుమ ఉన్నవారికి పొట్టి యాంటెన్నాయే మేలు.

హ్యాండీ తోక

హ్యాండీతోపాటు వచ్చే రబ్బరు తోకను హామ్‌లు ‘రబ్బర్ డక్’ అంటారు. స్ప్రింగులా చుట్టిన పావు తరంగం తీగకు రబ్బరు తొడుగు. జేబులో ఒదగడం కోసం పనితీరును త్యాగం చేసిన వస్తువు ఇది. దానికి కావలసిన రెండో సగంగా పనిచేసేది రేడియో పెట్టె, దాన్ని పట్టుకున్న చెయ్యి. యాంటెన్నా అడుగున, నేల భాగానికి 49 సెంటీమీటర్ల వైరు ముక్కను కట్టి వేలాడదీస్తే 145లో తేడా స్పష్టంగా తెలుస్తుంది. దీన్ని ‘టైగర్ టెయిల్’ అంటారు.

డిస్కోన్

పైన పళ్లెం, కింద శంకువు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో ఆర్మిగ్ కాండోయన్ రూపొందించిన డిస్కోన్ ప్రత్యేకత దాని విస్తృతి. ఒక్క యాంటెన్నా పదిరెట్ల పౌనఃపున్య పరిధిని మోస్తుంది. 100 మెగాహెర్ట్జ్ నుంచి మొదలవ్వాలంటే శంకువు పక్క పొడవు 75 సెంటీమీటర్లు, పళ్లెం వ్యాసం సుమారు 52 సెంటీమీటర్లు చాలు. గెయిన్ మాత్రం డైపోల్‌ను మించదు. అన్నిటినీ వింటుంది కాబట్టి పక్కనున్న ఎఫ్‌ఎం స్టేషన్‌నూ లోపలికి రానిస్తుంది. స్కానర్‌తో వినేవారికి మంచిది. ఒకటి రెండు బ్యాండ్లలోనే మాట్లాడేవారికి అవసరం లేదు.

అడ్డ ధ్రువణం

పైన చెప్పినవన్నీ నిలువు ధ్రువణం గలవి, అంటే వాటి తరంగాలు నిలువుగా కంపిస్తాయి. ఎఫ్‌ఎం సంభాషణలకు, వాహనాలకు అదే ఆనవాయితీ. దూరపు బలహీన సంకేతాలతో సింగిల్ సైడ్ బ్యాండ్‌లో మాట్లాడేవారు అడ్డ ధ్రువణం వాడతారు. ఒకరిది నిలువు, మరొకరిది అడ్డం అయితే సంకేతం నూరో వంతుకు పడిపోవచ్చు. అడ్డంగా ఉంటూ చుట్టూ ప్రసరించడానికి డైపోల్‌ను వలయంలా వంచిన హాలో, రెండు డైపోల్‌లను శిలువలా అమర్చి పావు చక్రం తేడాతో నడిపే టర్న్‌స్టైల్ ఉన్నాయి. టర్న్‌స్టైల్ కూడా జార్జ్ బ్రౌన్ సృష్టే.

ఉపగ్రహాల కోసం

2005 మే 5న శ్రీహరికోట నుంచి పీఎస్‌ఎల్‌వీ-సీ6 రాకెట్ కార్టోశాట్-1తో పాటు 42.5 కిలోల హామ్‌శాట్‌ను తీసుకెళ్లింది. ప్రపంచ హామ్‌లు వీఓ-52 అని పిలుచుకున్న ఈ భారతీయ ఉపగ్రహం 435 మెగాహెర్ట్జ్ ప్రాంతంలో విని, 145లో తిరిగి పలికేది. 2014 వరకు సేవలందించింది. ఇలాంటి ఉపగ్రహం పది పదిహేను నిమిషాల్లో ఆకాశాన్ని దాటిపోతుంది. దాని వెంట యాగిని తిప్పే మోటార్లు లేనివారికి సర్వదిశా యాంటెన్నాయే దిక్కు. ఇక్కడ పెద్ద కొలీనియర్ పనికిరాదు, ఉపగ్రహం నడినెత్తికి చేరేసరికి సంకేతం మాయమవుతుంది. పైవైపు కూడా చూడగలిగేది కావాలి. ఉపగ్రహం తిరుగుతున్నప్పుడు ధ్రువణం మారుతుంది కాబట్టి వృత్తాకార ధ్రువణం ఉంటే ఇంకా మంచిది. అడుగున ప్రతిఫలకం ఉన్న టర్న్‌స్టైల్, గుడ్లు గిలకొట్టే సాధనంలా కనిపించే ఎగ్‌బీటర్, నాలుగు తీగలు మెలి తిరిగిన క్వాడ్రిఫైలర్ హెలిక్స్ ఈ కోవలోవి.

హెచ్‌ఎఫ్‌లో నిలువు యాంటెన్నా

7, 14 మెగాహెర్ట్జ్ వంటి హెచ్‌ఎఫ్ బ్యాండ్లలో నిలువు యాంటెన్నా శక్తిని దిక్చక్రానికి దగ్గరగా, తక్కువ కోణంలో పంపుతుంది. అది పై వాతావరణంలోని అయనోస్ఫియర్ పొరకు తగిలి ఖండాలు దాటుతుంది. అయితే రేడియల్స్ పరచనిదే దాని ప్రతిభ బయటపడదు. నేలలోకి పారే విద్యుత్తు మట్టిని వేడి చేయడానికే ఖర్చవుతుంది. 1937లో బ్రౌన్, లూయిస్, ఎప్‌స్టీన్ 113 తీగల వరకు పరచి, తీగలు పెరిగే కొద్దీ నష్టం ఎలా తగ్గుతుందో కొలిచి చూపారు. ఇంటి పెరట్లో అన్ని తీగలు సాధ్యం కావు. పదహారైనా పరిస్తే గుణం తెలుస్తుంది. సముద్రతీరంలో ఉన్నవారు అదృష్టవంతులు. ఉప్పునీటి వాహకత మామూలు నేల కన్నా సుమారు వెయ్యి రెట్లు ఎక్కువ. అలల అంచున నిలిపిన చిన్న నిలువు తీగ కూడా సముద్రం దాటి చాలా దూరం పలుకుతుంది.

స్థలం లేక కుదించినకొద్దీ మూల్యం చెల్లించాల్సి వస్తుంది. కారు మీద 2.4 మీటర్ల విప్‌తో 7 మెగాహెర్ట్జ్‌లో మాట్లాడితే శక్తిని గాలిలోకి పంపే వికిరణ నిరోధం ఒక ఓం దాపులోనే ఉంటుంది. కాయిల్, నేల నష్టాలు దానికి పది రెట్లు మించుతాయి. 100 వాట్లు పంపితే గాలిలోకి చేరేది పదో వంతు కూడా ఉండకపోవచ్చు.

చాలా పుస్తకాలు ఈ జాబితాలో చేర్చనిది ఒకటుంది. అది తక్కువ ఎత్తులో కట్టిన డైపోల్. 7.1 మెగాహెర్ట్జ్ కోసం 20 మీటర్ల తీగను మధ్యలో 7 మీటర్ల కర్రకు ఎత్తి, రెండు కొసలనూ కిందికి దించి తిరగేసిన ‘వీ’లా కడితే, అది శక్తిని ఎక్కువగా నెత్తి మీదికే పంపుతుంది. అయనోస్ఫియర్ దాన్ని గొడుగులా నాలుగు వైపులా 400, 500 కిలోమీటర్ల మేర కిందికి కురిపిస్తుంది. కొండలు దీనికి అడ్డు కావు. హైదరాబాద్‌లో ఇలా కట్టిన తీగ పగటిపూట కర్నూలు, విజయవాడ, తిరుపతి, విశాఖపట్నాలను ఒకే గొడుగు కిందికి తెస్తుంది. రాత్రి 7 మెగాహెర్ట్జ్ జారిపోతే 3.5కు దిగాలి. పేరుకు దిశా యాంటెన్నా అయినా, పనిలో తెలుగు నేలకు ఇంతకన్నా అక్కరకొచ్చే సర్వదిశా యాంటెన్నా లేదు.

2014 అక్టోబరు 12న విశాఖ తీరాన్ని తాకిన హుద్‌హుద్ తుపానుకు ఫోన్ టవర్లు, కరెంటు స్తంభాలు కూలాయి. అలాంటి రోజున ఒక కర్ర, ఒక తీగ, ఒక కారు బ్యాటరీతో జిల్లాల మధ్య మాట నడపగలిగేది ఈ పద్ధతే. హామ్‌ల సేవ ఎంత అవసరమో 2004లో దేశం చూసింది. హైదరాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియోకు చెందిన భారతీ ప్రసాద్ నాయకత్వంలోని బృందం ఆ డిసెంబరులో పోర్ట్‌బ్లెయిర్ నుంచి ప్రపంచ హామ్‌లతో మాట్లాడుతుండగా 26న సునామీ వచ్చింది. ఆ స్టేషన్ ఆ వెంటనే సహాయ స్టేషన్‌గా మారింది.

కేబుల్, భద్రత

యాంటెన్నా ఎంపికలో చూపిన శ్రద్ధ కేబుల్ దగ్గర సడలితే అంతా వృథా. 30 మీటర్ల సన్నని ఆర్‌జీ-58 వాడితే 145 మెగాహెర్ట్జ్‌లో యాంటెన్నాకు చేరేది పంపినదానిలో పావు నుంచి మూడో వంతు మాత్రమే. 435లో ఇంకా తక్కువ. లావు ఆర్‌జీ-213 వాడితే 145లో సగానికి పైగా చేరుతుంది.

కరెంటు తీగలకు దూరంగా కట్టండి. యాంటెన్నా ఎటు పడినా వాటిని తాకనంత దూరం ఉండాలి. లోహపు కర్రకు ఎర్త్ ఇవ్వండి. ఉరుము వినిపించగానే కేబుల్‌ను రేడియో నుంచి విప్పి ఇంటి బయట పెట్టండి. మాట్లాడటానికి లైసెన్స్ తప్పనిసరి. మొదటిసారి కట్టేవారు 145 మెగాహెర్ట్జ్ గ్రౌండ్ ప్లేన్‌తో మొదలుపెట్టడం మంచిది. కడ్డీని 49కి బదులు 51 సెంటీమీటర్లకు కోసి, మీటరు చూస్తూ కొద్దికొద్దిగా తగ్గించుకు రండి. అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం నుంచి హామ్ మాటలు వచ్చేది 145.800 మెగాహెర్ట్జ్ మీద. కేంద్రం మన ఆకాశంలోంచి వెళుతూ హామ్ సెట్టులో మాట్లాడుతున్నప్పుడు ఈ అయిదు కడ్డీలతో ఆ గొంతు వినవచ్చు.